పిండి ఆడించిన బియ్యం మళ్ళీ బియ్యం అవుతుందా?



గత యూనిట్ టెస్టులో ఏడో తరగతి పిల్లల్ని భౌతిక మార్పుకీ రసాయనిక మార్పుకీ రెండు తేడాలు రాయమన్నాను. దిద్దడానికి నేను రాసిపెట్టుకున్న జవాబు ఇది. ఒకటి, భౌతిక మార్పులో కొత్త పదార్థం ఏర్పడదు, రసాయనిక మార్పులో ఏర్పడుతుంది. రెండు, భౌతిక మార్పును వెనక్కి తేవచ్చు, రసాయనిక మార్పును తేలేం. ఒక అమ్మాయి మొదటిది చక్కగా రాసింది. రెండోదాని చోట మాత్రం "చింపిన కాగితం తిరిగి అతుక్కోదు, అయినా అది కాగితమే" అని రాసింది. జవాబు సగమే ఉందని ఒక మార్కు తీసేశాను.

పేరెంట్స్ మీటింగుకి వాళ్ళ అమ్మగారు వచ్చారు. శ్రీసిటీలో నైట్ షిఫ్టు ముగించుకుని నేరుగా స్కూలుకే వచ్చినట్టున్నారు. పేపరు చూసి, "బియ్యం పిండి ఆడించినాక మళ్ళీ బియ్యం కాదు కదా మేడమ్. అట్లని అది వేరే వస్తువు అయిపోయిందా?" అని అడిగారు. నాకు వెంటనే జవాబు తోచలేదు. చూసి చెప్తానన్నాను.

ఇంటికెళ్ళి ఆలోచిస్తే తప్పు నాదేనని తెలిసింది. ఆ రెండో వాక్యం గైడుల్లో ఉంటుంది, నోట్సుల్లో ఉంటుంది, బీఈడీ టీచింగ్ ప్రాక్టీసులో నేనే బోర్డు మీద రాశాను. గుర్తుపెట్టుకోవడానికి తేలిక కాబట్టి పాతుకుపోయింది. బియ్యం పిండి అయినప్పుడు గింజ ఆకారం పోతుంది, అందులోని పిండిపదార్థం అలాగే ఉంటుంది. కనుక అది భౌతిక మార్పు, వెనక్కి రాకపోయినా సరే. అదే పిండితో దోసె పోసి ఎర్రగా కాల్చారనుకోండి, ఆ రంగూ ఆ వాసనా పిండిలో లేని కొత్త పదార్థాలవి. అక్కడ మాత్రం రసాయనిక మార్పు జరిగింది.

రెండోవైపు నుంచి చూసినా ఆ వాక్యం నిలవదు. మీ ఇంట్లో ఇన్వర్టర్ ఉంటే దాని బ్యాటరీనే చూడండి. కరెంటు పోయినప్పుడు లోపలి సీసం పలకలు సల్ఫ్యూరిక్ ఆమ్లంతో కలిసి లెడ్ సల్ఫేట్‌గా మారుతాయి. అది కొత్త పదార్థమే. కరెంటు వచ్చి ఛార్జింగ్ మొదలుకాగానే ఆ లెడ్ సల్ఫేటు తిరిగి పాత పదార్థాలుగా మారుతుంది. రసాయనిక మార్పు వెనక్కి రాదనేది నిజమైతే మనం ప్రతి పవర్ కట్‌కీ కొత్త బ్యాటరీ కొనాలి!

కాబట్టి పిల్లల్ని "మళ్ళీ పాతదవుతుందా?" అని అడగకండి. "కొత్త పదార్థం వచ్చిందా?" అని అడగండి.

ఈ ప్రశ్నకి మన తడలో ఉన్నంత మంచి ఉదాహరణ వేరే ఊళ్ళో దొరకదు. 2023 జులై 14, శుక్రవారం మధ్యాహ్నం 2 గంటల 35 నిమిషాలకి చంద్రయాన్-3 బయలుదేరినప్పుడు మీలో చాలామంది మిద్దెలెక్కి పులికాట్ అవతలికి చూసే ఉంటారు. ముందు వెలుగు, వెనకే తెల్లటి పొగ, నిమిషం దాటాక గానీ చెవికి అందని శబ్దం. ఆ ఎల్‌వీఎం-3 రాకెట్టుకి రెండు పక్కలా ఉన్న ఘన ఇంధన మోటార్లు ఒక్కొక్కదానిలో సుమారు 200 టన్నుల ఇంధనం ఉంటుంది. అందులో అల్యూమినియం పొడి ఒక ముఖ్యభాగం. మనం చూసిన తెల్లటి పొగలో అది కాలి ఏర్పడిన అల్యూమినియం ఆక్సైడ్ రేణువులున్నాయి. లోహం పోయి వేరే పదార్థం వచ్చింది, అంటే రసాయనిక మార్పు. తమాషా ఏమిటంటే, ఫ్యాక్టరీల్లో అల్యూమినియం తీసేదే అల్యూమినియం ఆక్సైడ్ నుంచి, బోలెడంత కరెంటు ఖర్చుపెట్టి. అంటే ఆ మార్పు కూడా వెనక్కి తేగలిగినదే.

పై దశలో ఉండే క్రయోజెనిక్ ఇంజను ఇంకా బాగుంటుంది. ఆక్సిజన్‌ను మైనస్ 183 డిగ్రీలకి, హైడ్రోజన్‌ను మైనస్ 253 డిగ్రీలకి చల్లబరచి ద్రవాలుగా నింపుతారు. వాయువు ద్రవమైంది కాబట్టి రసాయనిక మార్పు అని మా తరగతిలో సగంమంది చేతులెత్తారు. కాదు, ద్రవమైనా అది ఆక్సిజనే. ఇంజనులో ఆ రెండూ కలిసి మండినప్పుడు నీటి ఆవిరి పుడుతుంది. కొత్త పదార్థం వచ్చేది అక్కడే.

ఇదే కథ రోజూ మీ వంటింట్లోనూ నడుస్తుంది. 14.2 కిలోల సిలిండరులో గ్యాసు ఒత్తిడి వల్ల ద్రవంగా ఉంటుంది. నాబ్ తిప్పితే వాయువై బయటికి వస్తుంది. అందాకా భౌతికమే. బర్నరు దగ్గర అంటుకున్నాక కార్బన్ డయాక్సైడు, నీటి ఆవిరి ఏర్పడతాయి. పెళ్ళి వంటల్లో పెద్ద పొయ్యి వెలిగించినప్పుడు సిలిండరు బయట చెమట పట్టడం చూసే ఉంటారు. లోపలి ద్రవం ఆవిరవుతూ వేడిని లాగేసుకోవడం వల్ల సిలిండరు చల్లబడుతుంది, గాలిలోని తేమ దానిమీద నీరవుతుంది. వేడిలో తేడా వస్తే అది రసాయనిక మార్పే అనుకునే పిల్లలకి ఈ చెమట చూపించండి.

బుడగలు కూడా అంతే. సోడా మూత తీస్తే వచ్చే బుడగలు ముందే నీళ్ళలో కరిగి ఉన్న గ్యాసువి. వంటసోడా మీద నిమ్మరసం పిండితే వచ్చే బుడగలు అప్పుడే పుట్టిన గ్యాసువి. చూడటానికి రెండూ ఒకటే.

ఈ ఆదివారం ఒక పని చేయండి. మూడు స్పూన్ల చక్కెర తీసుకోండి. ఒక స్పూను నీళ్ళలో కలిపి పిల్లల్ని రుచి చూడమనండి. ఒక స్పూను మిక్సీలో పొడి చేయండి. మూడోది గరిటెలో వేసి మీరే సన్నటి మంట మీద పెట్టండి, పిల్లలు దూరంగా నిలబడి చూస్తే చాలు, ఎందుకంటే కరిగిన చక్కెర మీద పడితే నూనెలాగే కాలుస్తుంది. ముందు కరుగుతుంది, తర్వాత గోధుమరంగు తిరిగి వాసన మారుతుంది, చివరికి నల్లబడి చేదవుతుంది. చక్కెర ఎక్కడిదాకా చక్కెరగా ఉంది, ఎక్కడినుంచి కాదు, ఎలా చెప్పగలవు అని అడగండి. మీ అబ్బాయో అమ్మాయో తడుముకుంటే వెంటనే జవాబు అందించకండి. రంగు, వాసన, రుచి అని వాళ్ళే ఒక్కొక్కటీ పట్టుకుంటారు.

మేము ఇంగ్లీషు మీడియం చదవలేదు, ఇంట్లో సైన్సు ఎలా చెప్పాలి అని మీటింగులో చాలామంది అంటుంటారు. నన్ను దిద్దిన ప్రశ్న తెలుగులోనే వచ్చింది. ఆ అమ్మాయికి తీసేసిన మార్కు తిరిగి వేశాను, తరగతి మొత్తానికి ఆ పాఠం మళ్ళీ చెప్పాను. చక్కెర ప్రయోగంలో పిల్లలు చూసినవి నోటుబుక్కులో తెలుగులోనే రాసినా ఫర్వాలేదు, సోమవారం పంపండి. ఇంగ్లీషు మాటలు మేము తరగతిలో జోడిస్తాం.