స్పెయిన్ హోటల్లో టేబుల్ కావాలంటే – తొమ్మిది వాక్యాలు



"స్పానిష్ నేర్చుకుంటున్నావా? మన మెస్సులో టేబుల్ రిజర్వు చేసుకుంటావా ఏంట్రా?" అని మా రూములో వాళ్లు నవ్వారు. నవ్వనీ. లైబ్రరీలో దొరికిన పాత పుస్తకంలో ఈ పాఠం చదువుతుంటే నాకు 3వ తరగతి గుర్తుకొచ్చింది. ఈ హాస్టల్లో చేరినప్పుడు నాకు కోయ మాట తప్ప తెలుగు సరిగ్గా రాదు. ఇంకొంచెం కూర వెయ్యమని ఎలా అడగాలో తెలీక చాలా రోజులు సగం కడుపుతో లేచిపోయాను. ఒక్క వాక్యం వచ్చి ఉంటే సరిపోయేది. అందుకే ఇది రాస్తున్నాను.

స్పెయిన్ దేశంలో మధ్యాహ్న భోజనం 2 గంటల ప్రాంతంలోనూ, రాత్రి భోజనం 9 గంటల ప్రాంతంలోనూ చేస్తారు. రద్దీగా ఉండే హోటళ్లలో ముందే ఫోను చేసి టేబుల్ చెప్పి ఉంచుకోవాలి. ఫోనెత్తగానే అవతలివాళ్లు "దీగమే" అంటారు. "చెప్పండి" అని దాని అర్థం. ఇక మన వంతు.

1. బ్వేనాస్ తార్దేస్ – మధ్యాహ్నం, సాయంత్రం చేసే పలకరింపు.
2. కిసియేరా రెసెర్బార్ ఊనా మేసా – ఒక టేబుల్ రిజర్వు చేసుకోవాలండి.
3. పారా క్వాత్రో పెర్సోనాస్ – నలుగురికి.
4. పారా మఞానా, ఆ లాస్ న్వేబే దే లా నోచే – రేపు రాత్రి 9 గంటలకి.
5. ఆ నోంబ్రే దే... – ఫలానా పేరు మీద. "ఆ కే నోంబ్రే?" (ఏ పేరు మీద?) అని వాళ్లు అడిగితే ఇలా చెప్పాలి. ఇంటిపేరుతో సహా అంతా చెబితే రాసుకోలేరు. పొట్టి పేరు ఒకటి చాలు.
6. ఇ ఆ లాస్ దియేథ్? – మరి 10 గంటలకి? వాళ్లు "లో సియెంతో, ఎస్తా కొంప్లేతో" (క్షమించండి, నిండిపోయింది) అంటే ఇలా అడగాలి.
7. మాస్ దెస్పాథియో, పోర్ ఫాబోర్ – దయచేసి కొంచెం నెమ్మదిగా చెప్పండి.
8. తేంగో ఊనా రెసేర్బా – నాకు రిజర్వేషన్ ఉంది. హోటలుకి వెళ్లాక చెప్పేది.
9. కిసియేరా అనులార్ లా రెసేర్బా – రిజర్వేషన్ రద్దు చేసుకోవాలండి. రాలేకపోతే ఈ మాట తప్పక చెప్పాలి. లేకపోతే మన కోసం ఉంచిన టేబుల్ ఖాళీగా ఉండిపోతుంది, ఇంకొకరికి దొరకదు.

ఉచ్చారణ మనకి కష్టమేమీ కాదు. స్పానిష్ "త" మన "తల"లో త లాంటిదే, "టేబుల్"లో ట కాదు. చిన్నప్పుడు పలక మీద దిద్దిన "ఞ" జ్ఞానంలో ఒత్తుగా తప్ప మళ్లీ కనపడలేదు కదా! "మఞానా"లో అది దర్జాగా కూర్చుంది. స్పెయిన్‌లో చాలా చోట్ల "దెస్పాథియో" అంటారు, మెక్సికోలో "దెస్పాసియో" అంటారు. రిజర్వేషన్‌ని మెక్సికోలో "రెసెర్బాసియోన్" అంటారు.

ఇంకో సంగతి. "కావాలి" అనడానికి "కియేరో" అనే మాట ఉంది. కాని కొత్తవాళ్లతో "కిసియేరా" అంటేనే మర్యాద. మనం "కావాలి" అనకుండా "కావాలండి" అన్నట్టు. ఒక్క మాట మార్చితే అడిగే తీరే మారిపోతుంది.

తొమ్మిదీ గుర్తుండకపోతే ఏడోది ఒక్కటి గుర్తుంచుకోండి. అర్థం కాలేదని చెప్పడం తప్పు కాదు, అర్థమైనట్టు తల ఊపితేనే నష్టం. ఈ సంవత్సరం కొత్తగా చేరిన తమ్ముడెవరైనా మెస్సులో ఖాళీ కంచం ముందు ఊరికే కూర్చుంటే నవ్వకండి. వాడికి కావలసిన వాక్యం నెమ్మదిగా రెండుసార్లు చెప్పండి.

తప్పులుంటే పెద్దలు మన్నించగలరు.

– మీ 9వ తరగతి విద్యార్థి