పాటయు తీర్పును

చదువవలసిన భాగము: న్యాయాధిపతులు 4:4-5, 5:1-12



దెబోరా ఖర్జూరపుచెట్టు క్రింద కూర్చుండి ప్రజలకు తీర్పు తీర్చెను. తరువాతి అధ్యాయములో పాట పాడినదియు ఆమెయే. మనము పాటను ఆదివారమునకును, తీర్పును ఊరిపెద్దలకును పంచి పెట్టితిమి. వాక్యములోనైతే రెండును ఒక స్త్రీ నోటనే యున్నవి.

అట్టివారు తరువాతను కలరు. ఐర్లండు దేశపు కవయిత్రి ఈవా గోర్-బూత్ (1870-1926) గొప్పయింట పుట్టియు, మాంచెస్టరు నగరమున మిల్లులలో పనిచేయు స్త్రీల పక్షమున నిలిచెను. యోహాను సువార్తను గూర్చి గ్రంథమును వ్రాసెను. అయితే తెనాలి, రేపల్లె వారు అంతదూరము చూడనక్కరలేదు. మన బాపట్లలోనే కనుపర్తి వరలక్ష్మమ్మగారుండిరి.

ఆమె మన సంఘస్థురాలు కాదు, హిందూ కుటుంబపు స్త్రీ. ఈ పత్రికలో ఆమె మాట యెందుకని కొందరడుగవచ్చును. పొరుగువాడెవడో చూపుటకు ప్రభువు లేవీయుని గాక సమరయుని చూపెను గదా (లూకా 10).

వరలక్ష్మమ్మగారు 1896లో బాపట్లలో జన్మించి 1978లో దివంగతులైరి. పద్యములు, కథలు, నవలలు వ్రాసిరి. నిండుసభలో న్యాయమడిగిన ద్రౌపదిని గూర్చి ద్విపద కావ్యము చెప్పిరి. 1931లో బాపట్లలో స్త్రీ హితైషిణీ మండలిని స్థాపించిరి. కాని మేము ముఖ్యముగా చెప్పగోరునది ఆమె ఉత్తరములను గూర్చి. 1928 మొదలు గృహలక్ష్మి మాసపత్రికలో 'శారద లేఖలు' అను పేర, ఒక స్నేహితురాలు మరియొకతెకు వ్రాసినట్లు, నెలనెల వ్రాసిరి. చట్టమును గూర్చి ఉపన్యాసమైతే వంటయింటి దాక రాదు. ఉత్తరమైతే మధ్యాహ్నము పని తీరినపుడు ఒకరు చదువగా నలుగురు విందురు. పౌలును తన పత్రికలను సంఘములలో అట్లే చదివించెను (కొలొస్స. 4:16).

ఆ లేఖలలో శారదా చట్టమును చర్చించిరి. ఈ పేర్లు రెండును కలియుట యాదృచ్ఛికమే. చట్టమునకు ఆ పేరు హరవిలాస్ శారదాగారివలన వచ్చినది. 1929 నాటి ఆ చట్టము ఆడపిల్లకు 14, మగవానికి 18 ఏండ్లు నిండనిదే పెండ్లి కూడదనెను. క్రైస్తవులకును అది వర్తించినది. దానిని గూర్చి వ్రాసిన ఆమెకు 1909లో, పన్నెండు పదమూడేండ్ల ప్రాయముననే, వివాహమైనది. ఈ సంగతి తెలిసి ఆ లేఖలు చదువుట వేరు.

ఇప్పుడు ఆడపిల్లకు 18, మగవానికి 21. అయినను 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము మన రాష్ట్రములో 20-24 ఏండ్ల స్త్రీలలో నూటికి 29 మందికి 18 నిండకముందే పెండ్లియైనది. వారిలో మన పేటల పిల్లలు లేరని యెవరు చెప్పగలరు? "పద్దెనిమిది పడినవి అయ్యగారూ" అని తండ్రులు వచ్చుచున్నారు. పడుట వేరు, నిండుట వేరు. 2006 నాటి చట్టము క్రింద పెండ్లి జరిపించిన పాదిరికిని రెండేండ్ల వరకు కఠిన శిక్ష కలదు. అయితే మేము శిక్షకు వెరచి ఇది వ్రాయుటలేదు. బడిసంచి దింపి, ఏడాది తిరుగకముందే బిడ్డనెత్తుకొని గుడి వెనుక వరుసలో కూర్చున్న పిల్లలను చూచుచున్నాము గనుక వ్రాయుచున్నాము.

ఇకమీదట వివాహ ప్రకటన కోరువారు పిల్ల పుట్టిన తేదీ సర్టిఫికేటును మొదటి ప్రకటనకు ముందటి ఆదివారముననే తేవలెను. కాగితము లేనిదే ప్రకటన చదువము. స్త్రీల సమాజపు సహోదరీలు ఈ నెల కూడికలో న్యాయాధిపతులు 5వ అధ్యాయము చదివిన పిమ్మట, తమ తమ పేటలలో ఈ యేడు బడి మానిన ఆడపిల్లల పేర్లు వ్రాసి మాకు అందజేయుదురు గాక.