సహాయకుడు కూడా పిలువబడినవాడే



ఒక ఆదివారం పూడూరులో దివ్యబలిపూజ ముగిసిన తరువాత ఒక తండ్రి నా దగ్గరకు వచ్చారు. కొడుకుకు ఉద్యోగం వచ్చిందనీ, ఆశీర్వదించమనీ అడిగారు. అబ్బాయి వ్యాయామ విద్యలో డిగ్రీ చదివాడు. "ఏం ఉద్యోగం?" అని అడిగాను. ఆయన గొంతు తగ్గించి, "ఫుట్‌బాల్ కోచ్ ఫాదర్. అంటే... అసిస్టెంటే. అసలు కోచ్ వేరే ఉన్నడు" అన్నారు. పక్కన నిలబడిన కొడుకు తల వంచుకున్నాడు.

అబ్బాయి తలమీద చెయ్యివేసి ఆశీర్వదించాను. కాని "అసిస్టెంటే" అన్న మాట చివర ఉన్న ఆ "ఏ" అక్షరం ఇంటికి వచ్చాక కూడా నా చెవిలో మోగుతూనే ఉంది. నేను కూడా దాన్ని మోసినవాడినే. సహాయ గురువుగా ఉన్న రోజుల్లో విచారణ పండుగ కరపత్రంలో నా పేరు అడుగున చిన్న అక్షరాల్లో అచ్చయితే మనసు చివుక్కుమన్నది. కనుక ఈ వారం పాఠం ఆ తండ్రికీ, నాకూ, రెండవ స్థానంలో పనిచేస్తున్న ప్రతి ఒక్కరికీ.

సహాయ కోచ్ చేసే పని

మన పిల్లలు చాలామంది చదువుకోసం వెళుతున్న అమెరికాలో కాలేజీ ఫుట్‌బాల్ అంటే ఊరంతా కదిలివచ్చే పండుగ. అది మన ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులా కోలగా ఉండే బంతిని చేతపట్టుకుని పరుగెత్తే ఆట. పక్షానికి పదకొండుమంది ఆడతారు. పెద్ద కాలేజీ జట్టుకు ఒక ప్రధాన కోచ్ ఉంటే, ఆయన కింద సహాయ కోచ్‌లు చాలామంది ఉంటారు. బంతి విసిరేవారికి ఒకరు, అడ్డుకునే వరుసకు ఒకరు, పరుగెత్తేవారికి ఒకరు, ఇలా పని పంచుకుంటారు.

వారిలో చాలామంది పైచదువు చదువుకుంటూ చిన్నచిన్న పనులతో మొదలుపెడతారు. ఎదుటి జట్టు ఆడిన ఆటల చిత్రాలను రాత్రి పొద్దుపోయేదాకా చూసి లోపాలు రాసుకుంటారు. ఊరూరా హైస్కూళ్లకు తిరిగి, మంచి ఆటగాడు కనబడితే ఇంటికి వెళ్లి తల్లిదండ్రులతో మాట్లాడతారు. జట్టు ఓడి ప్రధాన కోచ్ ఉద్యోగం పోతే, కొత్తగా వచ్చినవారు తమ మనుషులను తెచ్చుకోవడం మామూలు. అప్పుడు సహాయ కోచ్ భార్యాపిల్లలు సామాన్లు సర్దుకుని మరో ఊరికి పోవాలి. గెలిచినప్పుడు పత్రికలో ఫోటో మాత్రం ప్రధాన కోచ్‌ది.

అయినా ఆ స్థానంలోనే జీవితమంతా గడిపినవారున్నారు. వర్జీనియా టెక్ విశ్వవిద్యాలయంలో బడ్ ఫాస్టర్ అనే ఆయన 1987లో సహాయ కోచ్‌గా చేరి, 2019లో విరమించేవరకు సహాయకుడిగానే ఉన్నారు. దేశంలోని ఉత్తమ సహాయ కోచ్‌కు 1996 నుంచి ఇస్తున్న బ్రాయిల్స్ అవార్డు 2006లో ఆయనకు దక్కింది.

మన హైదరాబాదు మనిషి

అంత దూరం పోనక్కరలేదు. మన హైదరాబాదులో సయ్యద్ అబ్దుల్ రహీమ్ గారు బడిపంతులుగా పనిచేసి, ఫుట్‌బాల్ కోచ్ అయ్యారు. పిల్లలకు బలహీనమైన కాలితోనే ఆడాలనే నియమంతో పోటీలు పెట్టి రెండు కాళ్లనూ సాధు చేయించారు. ఆయన నేర్పిన హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. భారత జట్టు ఆయన శిక్షణలో 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల బంగారు పతకం సాధించింది. 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానంలో నిలిచింది. క్యాన్సర్‌తో బాధపడుతూనే 1962లో జకార్తాలో జట్టును గెలిపించి, 1963 జూన్ 11న కన్నుమూశారు.

రహీమ్ గారిని చాలామంది ఎరుగుదురు. నేను చెప్పదలచినది ఆయన కుమారుడు సయ్యద్ షాహిద్ హకీమ్ గారి గురించి. 1960 రోము ఒలింపిక్సు జట్టులో ఆయనకు చోటు దొరికింది. జట్టుకు కోచ్ సొంత తండ్రే. కాని ఒక్క ఆటలో కూడా మైదానంలోకి దిగే అవకాశం రాలేదు. తండ్రి కళ్లముందే, తండ్రి నిర్ణయంతోనే, పక్కన కూర్చున్నారు. ఆ జట్టుకు నాయకుడు పి.కె. బెనర్జీ గారు.

ఇరవై రెండేళ్లు గడిచాయి. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగినప్పుడు మన జట్టుకు ప్రధాన కోచ్ అదే బెనర్జీ గారు. ఆయనకు సహాయ కోచ్ హకీమ్ గారు! మళ్లీ రెండవ స్థానమే. ఆ పోటీలో మన జట్టు క్వార్టర్ ఫైనల్లో సౌదీ అరేబియా చేతిలో ఓడిపోయింది, చెప్పుకోవడానికి పతకం కూడా మిగలలేదు.

హకీమ్ గారు మాత్రం మైదానం వదలలేదు. వైమానిక దళంలో స్క్వాడ్రన్ లీడర్‌గా పనిచేశారు. అంతర్జాతీయ రిఫరీ అయ్యారు. ఆయన శిక్షణలో మహీంద్రా అండ్ మహీంద్రా జట్టు డ్యూరాండ్ కప్పు గెలిచింది. 2017లో మనదేశంలో 17 ఏళ్లలోపు కుర్రవాళ్ల ప్రపంచ కప్పు జరగడానికి ముందు, ప్రతిభగల పిల్లలను వెతికే బాధ్యత తీసుకున్నారు. అప్పటికి ఆయనకు డెబ్బై ఐదేళ్లు దాటాయి. అదే సంవత్సరం ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. 2021 ఆగస్టులో మరణించారు. రోములో పక్కన కూర్చున్న కుర్రవాడు, మైదానంలోకి పంపదగిన కుర్రవాళ్లకోసం వృద్ధాప్యంలో కూడా వెతికాడు.

బర్నబా చూపిన దారి

పరిశుద్ధ గ్రంథంలో ఇటువంటివాడు బర్నబా. పౌలుగారిని అందరూ అనుమానిస్తున్నప్పుడు చెయ్యిపట్టుకుని అపోస్తలుల దగ్గరకు తీసుకువెళ్లింది ఆయనే. తార్సుకు వెళ్లి వెతికి అంతియోకియకు తెచ్చింది ఆయనే. అపోస్తలుల కార్యములు 13వ అధ్యాయం తెరచి జాగ్రత్తగా చదవండి. మొదట బర్నబా పేరు ముందు, సౌలు పేరు వెనుక వస్తాయి. అధ్యాయం ముగిసేలోపే వరుస మారుతుంది. పౌలు ముందుకు వచ్చాడు, బర్నబా వెనుకకు జరిగాడు. దానిమీద బర్నబా ఫిర్యాదు చేసినట్లు ఒక్క మాట కూడా లేదు.

తరువాత ఒకనాడు యువకుడైన మార్కును వెంట తీసుకుపోవడానికి పౌలుగారు ఒప్పుకోలేదు. బర్నబా అతణ్ణి విడిచిపెట్టలేదు. అదే మార్కు తనకు ఎంతో ఉపయోగపడతాడని పౌలుగారు తిమోతికి రాసిన రెండవ లేఖలో తానే ఒప్పుకున్నారు. పక్కన కూర్చోబెట్టిన ఆటగాణ్ణి మళ్లీ మైదానానికి తయారు చేసినవాడు బర్నబా.

ప్రధానుడు ఎవరు?

పునీత తోమాసు అక్వినాసు గురువును వైద్యునితో పోల్చారు. జబ్బును నయం చేసేది ముఖ్యంగా శరీరంలో దేవుడు పెట్టిన శక్తి, వైద్యుడు దానికి సాయం చేస్తాడు. అలాగే విద్యార్థి లోపలి వెలుగే నేర్చుకుంటుంది, గురువు దానికి తోడు నిలుస్తాడు. పూడూరు రైతుకు ఇది వివరించనక్కరలేదు. కందిచేనును మీరు పెంచారా? దున్నారు, విత్తారు, కలుపు తీశారు. పెంచినవాడు దేవుడు. కొరింతీయులకు రాసిన మొదటి లేఖ 3వ అధ్యాయంలో పౌలుగారు చెప్పింది కూడా ఇదే.

ఈ లెక్కన ప్రధాన కోచ్ కూడా సహాయకుడే. ఆయన గీత దాటి లోపలికి వెళ్లి బంతిని తన్నలేడు. విచారణ గురువు సహాయకుడు, ఉపదేశి సహాయకుడు, తల్లి సహాయకురాలు. ప్రధానుడు ఒక్కడే, ఆయన ప్రభువు.

అంతమాత్రాన సహాయకుడికి తక్కువ జీతం ఇచ్చి, ఎక్కువ పని చేయించుకుని, వినయం నేర్చుకోమనడం క్రైస్తవ ధర్మం కాదు. వినయం మనం స్వయంగా నేర్చుకోవలసినది. న్యాయం ఎదుటివారికి మనం చెల్లించవలసినది. పైకి ఎదగాలని కోరుకోవడం కూడా తప్పు కాదు. కాని ఎదగనంతకాలం బ్రతుకు మొదలు కాలేదనుకోవడం తప్పు.

ఈ వారం కుటుంబంలో ఆలోచించండి

1. మన పిల్లల ఉద్యోగం గురించి చెప్పేటప్పుడు గొంతు తగ్గిస్తున్నామా? ఆ పిల్లలు అది వింటున్నారని గుర్తుందా?

2. మనల్ని ముందుకు పంపి తాను వెనుక నిలిచిన బర్నబా ఎవరు? పెద్దన్నా? బడిలో డ్రిల్లు మాస్టారా? ఆయన బ్రతికి ఉంటే వెళ్లి కలవండి. లేకపోతే వారి ఆత్మశాంతి కోసం పూజ చెప్పించండి.

3. మన ఊరి ఉపదేశిని "ఫాదర్ లేనప్పుడు వచ్చే మనిషి" అంటున్నామా, లేక మన విశ్వాసాన్ని కాపాడుతున్నవాడని గౌరవిస్తున్నామా?

ఆ తండ్రిగారికి ఒక మాట. అయ్యా, మీ అబ్బాయి రేపు పొద్దున్నే మైదానానికి వెళతాడు. అక్కడ ఎవరూ పిలవని పిల్లవాడు ఒకడు గీత బయట కూర్చుని ఉంటాడు. వాడి పక్కకు వెళ్లి కూర్చోవడానికి ప్రధాన కోచ్‌కు తీరిక ఉండకపోవచ్చు, మీ అబ్బాయికి ఉంటుంది. ఇకమీదట ఎవరైనా అడిగితే ఆ "ఏ" తీసివేయండి. మా వాడు అసిస్టెంటు కోచ్ అని గొంతెత్తి చెప్పండి.

ప్రభువు మిమ్మును, మీ కుటుంబాలను దీవించునుగాక.