ఇంగ్లీషు రాని ఇంట్లో ఇంగ్లీషు రాత

"మాకే రాదు, పిల్లోళ్లకేం చెప్తాం సార్?" బ్రహ్మంగారిమఠం చుట్టుపక్కల పల్లెల్లో ఇంగ్లీషు మాటెత్తితే అమ్మానాన్నలు అనే మాట ఇదే. ఆ దిగులు నాకు తెలుసు. అయినా స్పెల్లింగు, గ్రామరు సాధన చేయించడానికి మీకు ఇంగ్లీషు వచ్చి ఉండాల్సిన పనిలేదు. తెలుగు చదవడం వస్తే చాలు.

మన ప్రభుత్వ బడుల్లో 2020-21 నుంచి ద్విభాషా పుస్తకాలు వచ్చాయి. ఒక పేజీలో ఇంగ్లీషు, ఎదుటి పేజీలో అదే పాఠం తెలుగులో. బడిలో అయిపోయిన పాఠం తీసి, పొట్టి వాక్యాలు మూడో నాలుగో మీరు తెలుగులో చదవండి. బిడ్డ పుస్తకం చూడకుండా ఇంగ్లీషులో రాయాలి. తర్వాత ఎదుటి పేజీ తెరిచి తన తప్పులు తానే పట్టుకోవాలి. ఈ చివరి పనిని మాత్రం మీరు లాక్కోకండి. తాను పట్టుకున్న తప్పే మనసులో నిలుస్తుంది.

తప్పుపోయిన మాటను ఇరవైసార్లు రాయమనడం మనకు పాత అలవాటు. ఐదోసారికే చెయ్యి రాస్తుంటుంది, ధ్యాస వీధిలో ఉంటుంది. మాటను బాగా చూసి, మూసిపెట్టి, ఒక్కసారి రాసి సరిచూసుకోమనండి. మర్నాడు మళ్లీ అడగండి, వారం తర్వాత ఇంకోసారి.

తెలుగులో పలికినట్టే రాస్తాం కాబట్టి ఇంగ్లీషు రాత పిల్లలకు అన్యాయంగా తోస్తుంది. 'నైఫ్' ముందు 'కె' ఎందుకని అడిగితే నోరు మూయించకండి. ఒకప్పుడు ఇంగ్లీషువాళ్లు ఆ 'కె'ని పలికేవాళ్లు. 1476లో విలియం కాక్స్టన్ ఇంగ్లండులో అచ్చుయంత్రం పెట్టాక రాత మెల్లగా స్థిరపడిపోయింది, పలుకు మాత్రం మారుతూ వచ్చింది. మన కడప పేరే చూపించండి. తెల్లవాళ్ల కాలం నుంచి సి-యు-డి-డి-ఎ-పి-ఎ-హెచ్ అని రాసేవారు, 2005లో కె-ఎ-డి-ఎ-పి-ఎ అయింది. పాత రాతలోని 'యు'ని 'బట్'లో లాగా పలకాలి, 'పుట్'లో లాగా కాదు. కడపబండల దుకాణాల బోర్డుల మీద ఆ పాత స్పెల్లింగు కనిపిస్తే బిడ్డచేత చదివించండి.

గ్రామరు దగ్గర మీ తెలుగే మీకు బలం. అతను వెళ్తాడు, ఆమె వెళ్తుంది, వాళ్లు వెళ్తారు. మనిషిని బట్టి క్రియ మారడం మన పిల్లలకు పుట్టుకతో తెలిసిన సంగతే. ఇంగ్లీషులో రోజూ జరిగే పని చెప్పేటప్పుడు హీ, షీ, ఇట్ వచ్చినచోట క్రియ చివర 'ఎస్' చేరుతుంది, అంతే. 'ఎ', 'ద' వంటివి మాత్రం తెలుగులో లేవు. వాటిలో తప్పులు చాలాకాలం వస్తూనే ఉంటాయి. కోప్పడకండి, చదవగా చదవగా కుదురుతాయి.

కామాలు, ఫుల్‌స్టాపుల కోసం రాసింది బిగ్గరగా చదివించండి. మఠంలో తత్వాలు పాడేవాళ్లు చరణం విరగకుండా ఊపిరి తీసుకున్నట్టు, మాట ముగిసినచోట బిడ్డ ఆగాలి. ఆగినచోట చుక్క లేకపోతే తనకే తెలుస్తుంది. చుక్క తర్వాత పెద్దక్షరం. తెలుగులో పెద్దక్షరాలు లేవు గనుక ఇది మరీ మరీ మరిచిపోతారు. ఒక వారమంతా ఇదొక్కటే చూడండి, మిగతా తప్పులు ఆ వారానికి వదిలేయండి. నోటుబుక్కు నిండా ఎర్రగీతలు పడితే బిడ్డ పొట్టి పొట్టి వాక్యాల్లో దాక్కుంటుంది, తెలిసిన మాటలే రాస్తుంది.

నాన్న కువైట్‌లో ఉండి, ఇంట్లో అవ్వ మాత్రమే ఉన్న కుటుంబాలు మన వైపు ఎన్నో. అలాంటిచోట అవ్వకు చదవడం రాకపోతే, పాఠం పేజీ ఫోటో పంపి ఆ తెలుగు వాక్యాలను నాన్ననే వాట్సాప్‌లో చదివి పంపమనండి. బిడ్డ రాసి, దిద్దుకున్న పేజీని ఫోటో తీసి పంపుతుంది. నాన్న ముందుగా బాగా కుదిరిన వాక్యం ఏదో అడగాలి, తప్పుల సంగతి ఆ తర్వాత.