నీటి అడుగు రోబోకు ఏ మైక్రోకంట్రోలర్ సరిపోతుంది?

అండమాన్ సముద్రంలోని పగడపు దిబ్బలను చూడటానికి ప్రతిసారీ మనిషే నీటిలో దిగనక్కర్లేదు. చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ, అంటే ఎన్‌ఐఓటీ, తయారుచేసిన 'ప్రోవ్' అనే వాహనం అక్కడి దిబ్బలను నీటి అడుగునే చిత్రీకరించింది. అది 500 మీటర్ల లోతు వరకు పనిచేసేలా రూపొందింది. తమంతట తామే నడిచే నీటి అడుగు వాహనాలపై ఈ సంస్థ 'సేవ్' పేరుతో విద్యార్థులకు పోటీలు కూడా నిర్వహించింది.

ఇలాంటి పోటీకి సిద్ధమయ్యే బృందం మొదట అడిగే ప్రశ్న 'ఏ బోర్డు కొనాలి?' నిజానికి అది చివర అడగాల్సిన ప్రశ్న. రోబో ఏయే పనులు చేయాలో ముందు రాసుకుంటే, బోర్డు ఎంపిక దానంతటదే తేలిపోతుంది.

మైక్రోకంట్రోలర్ అంటే ఒకే చిప్‌లో ఇమిడిన చిన్న కంప్యూటర్. ప్రాసెసర్, మెమరీ, కాలాన్ని కొలిచే టైమర్లు, బయటి పరికరాలకు కలిపే పిన్నులు అన్నీ అందులోనే ఉంటాయి. విద్యార్థులు ఎక్కువగా మొదట చేతపట్టే ఆర్డునో ఊనో బోర్డులో ఏటీమెగా328పీ అనే చిప్ ఉంటుంది. దాని వేగం 16 మెగాహెర్ట్జ్, పని మెమరీ 2 కిలోబైట్లు.

వేగం సరిపోతుందా?

ఆరు ప్రొపెల్లర్ మోటార్లు, లోతు సెన్సర్, దిశను, వంపును చెప్పే సెన్సర్, లోపలికి నీరు చేరితే హెచ్చరించే సెన్సర్ ఉన్న వాహనాన్ని తీసుకోండి. రెండు వైపులా తిరిగే మోటారుకు పంపే పల్స్ సాధారణంగా 1500 మైక్రోసెకన్లు ఉంటే మోటారు ఆగుతుంది. 1900 అయితే పూర్తి వేగంతో ముందుకు, 1100 అయితే వెనక్కి తిరుగుతుంది. ఈ ఆదేశాన్ని సెకనుకు 50 సార్లు సరిచేస్తే చాలు. రెండు ఆదేశాల మధ్య ఊనోకు 3,20,000 గడియార స్పందనల సమయం దొరుకుతుంది. లోతును నిలిపి ఉంచే లెక్కలకు అది చాలు.

ఇరుకు వచ్చేది మెమరీలో. ఒక్కొక్కటి 2 బైట్ల చొప్పున పది కొలతలను సెకనుకు 50 సార్లు దాచాలంటే సెకనుకు 1,000 బైట్లు కావాలి. ఊనో మెమరీ రెండు సెకన్లలోనే నిండిపోతుంది. ఎస్‌డీ కార్డులో రాద్దామన్నా, ఆ పనికే 512 బైట్ల బఫర్ పక్కన పెట్టాలి. పోటీలో రోబో ఎందుకు దారి తప్పిందో తెలియాలంటే ఈ నమోదు తప్పనిసరి. 8 కిలోబైట్లున్న ఆర్డునో మెగా, 264 కిలోబైట్లున్న రాస్ప్‌బెర్రీ పై పికో ఇక్కడ పనికొస్తాయి.

లోతును ఎంత సన్నగా కొలవాలి?

సముద్రంలో ప్రతి 10 మీటర్లకు సుమారు ఒక వాతావరణ పీడనం పెరుగుతుంది. 100 మీటర్ల వరకు కొలిచే 5 వోల్టుల అనలాగ్ సెన్సర్‌ను ఊనోకు కలిపితే, ఆ బోర్డు దాన్ని 1,024 మెట్లుగా విడగొడుతుంది. ఒక్కో మెట్టు దాదాపు 10 సెంటీమీటర్లు. 5 సెంటీమీటర్ల తేడాలో లోతు నిలపాలంటే ఆ కొలబద్ద చాలదు. అప్పుడు బోర్డు కంటే ముందు మార్చాల్సింది సెన్సర్‌ను. కొలతను తానే అంకెల్లో పంపే డిజిటల్ సెన్సర్ తీసుకోవాలి. అలాంటివి చాలావరకు 3.3 వోల్టులతో పనిచేస్తాయి. ఊనో, మెగా 5 వోల్టులవి, పికో, ఈఎస్‌పీ32 3.3 వోల్టులవి. ఈ తేడా చూడకుండా తీగలు కలిపితే చిప్ కాలిపోవచ్చు.

ఈఎస్‌పీ32కు ఉన్న పెద్ద ఆకర్షణ వైఫై. 240 మెగాహెర్ట్జ్ వేగం కూడా ఉంది. కానీ ఉప్పునీటిలో వైఫై తరంగాలు కొద్ది సెంటీమీటర్లకే అణగిపోతాయి. నేలమీది రోబోకు వరమైన సదుపాయం నీటి అడుగున అక్కరకు రాదు.

కెమెరా ఉంటే

కెమెరా దృశ్యాన్ని విశ్లేషించే పని ఈ చిన్న చిప్‌లకు భారం. దానికి లినక్స్‌తో నడిచే రాస్ప్‌బెర్రీ పై వంటి కంప్యూటర్ కావాలి. అయితే లినక్స్ ఒకేసారి ఎన్నో పనులు చూస్తుంటుంది కాబట్టి మైక్రోసెకన్ల కచ్చితత్వానికి హామీ ఉండదు. అందుకే పనిని పంచుతారు. పడవలో సరంగు దారి చూస్తాడు, ఇంజన్ దగ్గర మరొకరు ఉంటారు. అలాగే కంప్యూటర్ దారి నిర్ణయిస్తుంది, మైక్రోకంట్రోలర్ మోటార్లను నడుపుతుంది.

ప్రోగ్రామ్ ఆగిపోతే?

అసలు ప్రమాదం ఇక్కడుంది. ప్రోగ్రామ్ ఎక్కడో చిక్కుకుపోయినా టైమర్ చివరి పల్స్‌ను అలాగే పంపుతూ ఉండవచ్చు. మోటార్లు తిరుగుతూనే ఉంటాయి, వాహనం సముద్రంలో కనిపించకుండా పోతుంది. దీనికి విరుగుడు వాచ్‌డాగ్ టైమర్. ప్రోగ్రామ్ నిర్ణీత సమయంలో దాన్ని పలకరించకపోతే అది చిప్‌ను మళ్లీ మొదటి నుంచి నడిపిస్తుంది. ఊనోలోనూ ఇది ఉంది, కాకపోతే వాడుకోవాలి. మోటార్లు ఒక్కసారిగా విద్యుత్తు లాగినప్పుడు వోల్టేజీ పడిపోయి చిప్ రీసెట్ కాకుండా, దానికి వేరే సరఫరా ఏర్పాటు చేయాలి. ప్రోగ్రామ్ మొదలవగానే మోటార్లు ఆగేలా రాయాలి. మోటార్లు ఆగితే తేలిపోయేలా వాహనాన్ని నీటికంటే కాస్త తేలికగా చేయాలి.

దీవిలో అదనపు లెక్క

పోర్ట్ బ్లెయిర్‌గా పిలిచిన శ్రీ విజయపురం చెన్నైకి 1,300 కిలోమీటర్లకు పైగా దూరంలో ఉంది. విశాఖ, చెన్నై నుంచి ఓడ రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. పోటీ ముందు రోజు కాలిపోయిన బోర్డుకు మరొకటి సమయానికి అందకపోవచ్చు. కాబట్టి ఖరీదైన బోర్డు ఒకటి కొనడం కన్నా, బృందంలో అందరికీ తెలిసిన చవక బోర్డులు రెండు కొని, రెండింటిలోనూ ఒకే ప్రోగ్రామ్ నింపి ఉంచుకోవడం మేలు. ఉప్పు గాలి తగలకుండా రెండోదాన్ని సిలికా జెల్‌తో మూతబిగిసే డబ్బాలో ఉంచాలి.

కెమెరా లేని తొలి వాహనానికి మెగా లేదా పికో చాలు. కెమెరా ఉంటే వాటికి తోడుగా ఒక రాస్ప్‌బెర్రీ పై చేరుతుంది. ఏది ఎంచుకున్నా సముద్రానికి ముందు నీళ్ల తొట్టిలో ఒక పరీక్ష జరగాలి. మోటార్లు తిరుగుతుండగా ప్రోగ్రామ్‌ను కావాలనే స్తంభింపజేసి, వాచ్‌డాగ్ గడువులోగా అవి ఆగుతాయో లేదో చూడాలి. ఆగకపోతే ఆ వాహనం ఇంకా సముద్రానికి సిద్ధం కానట్టే.