బంపరు పగిలింది

మంగమ్మది కంకిపాడు దగ్గర పల్లెటూరు. కొడుకు శ్రీను రెండేళ్ళ కిందట ఒక పాత ఆల్టో కారు కొన్నాడు. ఆ రోజు పొద్దున్నే సందు మలుపులో కారు రాతి స్తంభానికి తగిలింది. ముందు బంపరు ఎడమ మూల జానెడు మేర చీలిపోయింది. ఒక కొస కిందికి వేలాడుతోంది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. తగిలి ఉంటే అది వేరే సంగతి. పోలీసులకూ, ఇన్సూరెన్సు కంపెనీకీ వెంటనే చెప్పాలి.

చిన్న దెబ్బలు కారుకు తగలకుండా ముందూ వెనకా అడ్డంగా ఉండేదే బంపరు. పూర్వం ఇనుముతో చేసేవారు. ఇప్పుడు చాలా కార్లకు పైకి కనిపించే బంపరు ప్లాస్టిక్కే.

శుక్రవారం కూతుర్ని బెజవాడ ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ఆమెకు తొమ్మిదో నెల. పదో తారీఖున పొదుపు సంఘానికి వాయిదా కట్టాలి. ఇంట్లో ఉన్నది ఆ డబ్బే. మంగమ్మ కూడా కొడుకుతో బయలుదేరింది.

ఇద్దరూ బెజవాడ ఆటోనగర్‌కు వెళ్ళారు. అక్కడ సందు సందునా రిపేరు షెడ్లే. మొదటి షెడ్డు అతను కారు చుట్టూ ఒకసారి తిరిగాడు.

"కొత్త బంపరు వెయ్యాల్సిందేనమ్మా. అయిదువేల అయిదొందలవుద్ది. ఇన్సూరెన్సు ఉందిగా, మీకు పోయేదేముంది?" అన్నాడు.

"ఆ లెక్కేదో కాయితం మీద రాసివ్వు నాయనా" అంది మంగమ్మ.

అతను గొణుక్కుంటూ రాసిచ్చాడు.

కొత్త బంపరు – 2,500
రంగు – 800
కూలి – 2,200
మొత్తం – 5,500

మంగమ్మ ఈమధ్యే చదవడం నేర్చుకుంది. వేలు పెట్టి ఒక్కో మాటా కూడబలుక్కుంది. వేళ్ళ మీద లెక్క కూడింది. సరిపోయింది. తర్వాత ఇన్సూరెన్సు కాగితం తియ్యమంది. అది ఇంగ్లీషులో ఉంది. అంకెలు మాత్రం ఆమెకు తెలిసినవే.

"ఈ వెయ్యి ఏందిరా? ఈ ఇరవై ఏంది?"

శ్రీనుకూ సరిగ్గా తెలియదు. కాగితం మీద ఉన్న నంబరుకు ఫోన్ చేసి అడిగాడు. వాళ్ళు చెప్పింది ఇదీ. ప్లాస్టిక్ సామానుకు సగమే ఇస్తారు. రంగు సామానుకూ సగమే. కూలి మొత్తం ఇస్తారు. అదంతా కలిపి, అందులోంచి వెయ్యి రూపాయలు తగ్గిస్తారు. ఆ వెయ్యి కారు యజమానే పెట్టుకోవాలి.

మంగమ్మ చీటీ వెనక లెక్క వేసింది. బంపరుకు 1,250, రంగుకు 400, కూలికి 2,200. కలిపితే 3,850. వెయ్యి తీసేస్తే 2,850. అంటే 5,500లో మిగతా 2,650 తామే పెట్టుకోవాలి.

అంతటితో అయిపోలేదు. పోయిన ఏడాది క్లెయిము చేయలేదు కాబట్టి సొంత కారు నష్టానికి కట్టే ప్రీమియంలో ఇరవై శాతం తగ్గించారు. ఈ ఏడూ చేయకపోతే వచ్చే ఏడు ఇరవై అయిదు శాతం తగ్గుతుంది. ఆ ప్రీమియం వాళ్ళకు 4,000. అందులో ఇరవై అయిదు శాతం వెయ్యి రూపాయలు. క్లెయిము చేస్తే ఆ తగ్గింపు పోతుంది. 2,650కి వెయ్యి కలిపితే 3,650.

"పోయేదేమీ లేదన్నాడే!" అంది మంగమ్మ.

పక్క సందులో ఒక పెద్దాయన షెడ్డు ఉంది. ఆయన ధర చెప్పలేదు. ముందు బంపరు విప్పాడు. లోపల రేడియేటరు బాగానే ఉంది. లైటు పట్టుకునే కొక్కేలు విరగలేదు. రెండు క్లిప్పులు మాత్రం పోయాయి.

"విప్పి చూడకుండా ఎవరు చెప్పినా అది ఉజ్జాయింపేనమ్మా. బిగించే చోట్లు విరిగితే కొత్తదే వెయ్యాలి. అతికించినా నిలవదు. మీది చీలికే. వేడి చేసి అతికించొచ్చు" అన్నాడు.

పని ఎలా చేసేదీ చెప్పాడు. లోపలి వైపు సన్నటి తీగలు వేడి చేసి ప్లాస్టిక్‌లోకి దించుతారు. పైన లప్పం పెట్టి, ఆరాక గరుకు కాగితంతో రుద్దుతారు. ప్లాస్టిక్‌కు వేరే ప్రైమరు ఉంటుంది. అది వెయ్యకపోతే రంగు పెచ్చులుగా లేస్తుంది. తర్వాత రంగు, దాని మీద మెరుపు పూత.

"మొత్తం 2,200. రేపు సాయంత్రానికి ఇస్తా."

"రంగు లేచిపోతే?"

"ఆరు నెల్ల లోపు లేస్తే ఊరికే వేస్తా."

"ఆ మాట కూడా రాయి బాబాయ్" అంది మంగమ్మ. ఆయన నవ్వి రాశాడు.

మర్నాడు సాయంత్రం షెడ్డు లోపల చూస్తే రంగు చక్కగా కలిసింది. మంగమ్మ కారును ఎండలోకి తెమ్మంది. ఎండలో బంపరు కొంచెం ముదురుగా ఉంది. రంగు నంబరు చూసే కలిపానన్నాడు ఆయన. పాత రంగు ఏళ్ళ తరబడి ఎండకు వెలిసిందట. పక్క రేకుకు కూడా పాలిష్ పెట్టి ఇచ్చాడు. ఆ తేడా కొంత తగ్గింది, పూర్తిగా పోలేదు. మంగమ్మ 2,200 లెక్కపెట్టి ఇచ్చి, రసీదు తీసుకుంది. సంఘం వాయిదాకు ఎంత తగ్గిందో దారిలోనే చూసుకుంది. పదో తారీఖుకు ఇంకా ఆరు రోజులుంది.

శుక్రవారం కూతుర్ని అదే కారులో ఆస్పత్రికి తీసుకెళ్ళారు. మలుపు దగ్గర శ్రీను కారు ఆపి, స్తంభం ఎంత దూరంలో ఉందో దిగి చూసుకున్నాడు.