ముదిమి - మనోవ్యాధులు

‘అరువదేండ్లకు అరులుమరులు’ అని మనవారు చెప్పుదురు. తాత యెవరితోను మాటాడక మూల కూర్చుండినను, అవ్వ పొయ్యిమీద పాలు మరచినను, ‘వయసు మీరినది గదా!’ యని యింటివారు ఊరకుందురు. ముదిమి వ్యాధి కాదు. కాని ముదిమిచాటున వ్యాధి దాగియుండవచ్చును. అట్టివానిలో ముఖ్యమైనవి మూడు.

మొదటిది కుంగుబాటు. ప్రతిదినము పురాణము చదువు తాత పుస్తకము ముట్టడు. ఆకలి, నిద్ర తగ్గును. వృద్ధులు తమ దుఃఖమును చెప్పుకొనక, ఒంటినొప్పులని, నీరసమని చెప్పుదురు. ఈ స్థితి రెండు వారములు మించినచో వైద్యునికి చూపవలెను. తగిన మందులచేతను, ఓదార్పు మాటలచేతను ఇది చాలవరకు నయమగును. మందు గుణమిచ్చుటకు కొన్ని వారములు పట్టును, నడుమ మానరాదు. ‘ఇక బ్రతికి యేమి ప్రయోజనము?’ అను మాట వినబడినచో వారిని ఒంటరిగా విడువరాదు.

రెండవది మతిమరపు వ్యాధి. పరిచితుని పేరు క్షణకాలము తోచకుండుట వయోధర్మము. నలువదేండ్లు నడచిన వీధిలో దారి తప్పుట వ్యాధిలక్షణము. ఇందు ముఖ్యమైన రకమును 1906లో అలోయిస్ ఆల్జైమర్ అను జర్మను వైద్యుడు వెల్లడించెను. ఆయన పేరే దానికి నిలిచినది. దీనిని పూర్తిగా పోగొట్టు మందు లేదు. బాధను కొంత తగ్గించు మందులు కలవు. అయితే థైరాయిడ్ లోపము వలనను, బి12 విటమిన్ కొరత వలనను ఇట్టి మరపే కలుగవచ్చును. అవి చికిత్సకు లొంగునవి. కావున పరీక్షలు చేయింపక నిరాశ చెందరాదు.

మూడవది సంధి. నిన్న బాగుగనున్న అవ్వ నేడు మనుమని పోల్చజాలదు, పొంతనలేని మాటలాడును. మూత్రమున చీము చేరుట, ఊపిరితిత్తుల జబ్బు, ఒంటిలో నీరు తగ్గుట, క్రొత్త మందు పడకుండుట మొదలగునవి దీనికి కారణములు. ఇది మరునాటికి వాయిదా వేయదగినది కాదు. వెంటనే ఆసుపత్రికి చేర్పవలెను.

బాలలారా! సాయంకాలము వృద్ధుల చెంత కూర్చుండువారు మీరే. మార్పు ముందుగా మీ కంటబడును. ఏమి మారినది, ఎన్నాళ్లనుండి, ఏ మందులు వాడుచున్నారు - ఈ మూడును పెద్దలకు తెలుపుడు. 2022 అక్టోబరు 10న ప్రారంభమైన ప్రభుత్వ ‘టెలీ మానస్’ సేవకు 14416 సంఖ్యకు ఫోను చేసి ఉచితముగా సలహా పొందవచ్చును. మరచినవారిని పరిహసింపకుడు, అడిగినదే మరల అడిగినను, ఓర్పుతో మరల చెప్పుడు. మనకు మాటలు నేర్పిననాడు వారు చేసినదియు అదియే.